మూరెడు చింతచెట్టు

మదనపల్లె డిపోలో రేవతితో ఏ డ్రైవరూ నెల మించి పని చెయ్యలేదు. నాతో ఏ కండక్టరూ ఏడాది మించి పని చెయ్యలేదు. డ్యూటీ చార్టు రాసే క్లర్కు మా ఇద్దరి గోలా పడలేక, ఒక సోమవారం పొద్దున ఇద్దరినీ ఒకే బండికి వేసేశాడు. వీళ్లిద్దరూ ఒకరినొకరు పీక్కుతింటే డిపోకు పీడ విరగడవుతుందని ఆయన ఆలోచన. అది జరిగి పద్నాలుగేళ్లయింది. ఆ క్లర్కు రిటైరై పోయాడు కూడా. మేమిద్దరం ఇంకా ఒకే బండి మీద ఉన్నాం.

నా పేరు గురప్ప, మాది రామసముద్రం. నా సంగతి ముందుగానే చెప్పేస్తాను. నాకు కోపం ఎక్కువ. తిట్టినా పడతాను, ఆలస్యమైందని అరిచినా పడతాను. నా డ్రైవింగులో తప్పు పడితే మాత్రం ఆ మనిషితో మళ్లీ మాట్లాడను. రేవతికి ముందు నాతో పనిచేసిన సాయిప్రసాద్ అనే కండక్టరు ఒకరోజు, "ఏమన్నా, బ్రేకు అంత గట్టిగా కొడితే ఎట్ల, ముసలామె పడిపోయింది సూడు" అన్నాడు. అన్నది నిజమే. ఆ సాయంత్రమే డ్యూటీ మార్పించుకున్నాను. తన కూతురి పెళ్లికి అతను ఇంటికొచ్చి కార్డు ఇస్తే కూడా పోలేదు. తప్పు నాదని తెలిసినప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది. ఇదేం గుణమో నాకే అర్థం కాదు.

ఇక రేవతి. అప్పటికి ఆమెకు ముప్పై మూడేళ్లు. కాలికి బలపం కట్టుకుని తిరగడమంటే ఏమిటో ఆమెను చూశాకే నాకు తెలిసింది. బస్సు ఖాళీగా ఉన్నా కండక్టరు సీటులో కూర్చోదు. ముందు డోరు నుంచి వెనక డోరుకూ, వెనక డోరు నుంచి ముందుకూ నడుస్తూనే ఉంటుంది. మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సు పోయేది ముప్పై కిలోమీటర్లయితే, అందులో ఆమె నడిచేది రెండు కిలోమీటర్లుంటుంది. టీ పొగలు పోకముందే తాగేస్తుంది. సెలవు రోజు ఇంట్లో ఉండలేక వేరేవాళ్ల బస్సెక్కి ఎక్కడికో పోయి వస్తుంది. మదనపల్లెలో ఉన్నన్నాళ్లలో ఐదు ఇళ్లు మారింది. ఎందుకమ్మా అంటే, "ఆ గోడలే సూసి సూసి కండ్లు నొప్పులన్నా" అంటుంది.

వాళ్లది చౌడేపల్లె దగ్గర పల్లె. టైలరింగు నేర్చుకోవడానికి పోయి జాకెట్టు చేతులు కుట్టే దాకా వచ్చి మానేసింది. నర్సు ట్రైనింగులో చేరి ఎనిమిది నెలలకు మానేసింది. కర్ణాటకలో ముళబాగిలు అబ్బాయికి ఇచ్చి పెళ్లి చేస్తే నాలుగు నెలలకు ఒక బ్యాగుతో బస్సు దిగింది. ఏం కష్టం వచ్చింది, కొట్టాడా తిట్టాడా అని నేనొకసారి అడిగాను. "పాపం, మంచోడే అన్నా. ఆ ఇంట్లో గడియారం కూడా మెల్లిగా తిరుగుతాది" అంది. ఈ ఉద్యోగం ఒక్కటే ఆమె వదల్లేదు. బండి రోజూ ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉంటుంది కాబట్టి వదలాల్సిన పని రాలేదు.

వాళ్లమ్మ కృష్ణమ్మను నేను చూశాను. చౌడేపల్లె ట్రిప్పు పడినప్పుడు ఒకసారి ఆమె ఇంట్లో అన్నం తిన్నాం. పప్పులో ఉప్పు తక్కువైందని కూతురు అనగానే ఆ పెద్దావిడ అందుకుంది. "మా తల్లీ, పప్పు ఒక్కటే నీకు తక్కువైంది! మిషనూ నిలవలే, సదువూ నిలవలే, మొగుడూ నిలవలే. నీ చేత ఏదీ నిలవదు మే" అంది. వడ్డిస్తూనే అంది, కోపంగా కూడా కాదు. రేవతి నవ్వింది. నవ్వుతూనే ఉంది గానీ చేతిలోని ముద్ద నోటిదాకా పోలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ రోజు ఆమె బస్సులో నడవలేదు. డోరు దగ్గర కమ్మీ పట్టుకుని బయటికి చూస్తూ నిలబడింది.

చెట్టు కథ ఆ ఏడాదే మొదలైంది, రెండు వేల పదమూడులో.

పుంగనూరులో ఒక ముసలాయన బస్సెక్కాడు. తెల్ల చొక్కా, తెల్ల గడ్డం. ఒళ్లో పళ్లెం లాంటి తొట్టి. తొట్టిలో జువ్విచెట్టు. మొక్క కాదు, చెట్టే. మాను నా మణికట్టంత లావుంది, ఊడలున్నాయి, కొమ్మలు గొడుగులా విచ్చుకున్నాయి. ఎత్తు మాత్రం మూరెడు. రేవతి పోయి లగేజీ టికెట్టు అడిగింది.

"ఒళ్లో ఉండాది కదమ్మా, దీనికి టికెట్టు యాల?" అన్నాడు ఆయన.

"మొక్కైతే ఒళ్లో తాతా. చెట్టైతే లగేజీ. ఇది మొక్కనా చెట్టా, నువ్వే చెప్పు."

"చెట్టే. దీనికి ఇరవై ఆరేండ్లు."

బస్సంతా నవ్వింది. రేవతి నవ్వలేదు. అద్దంలో చూస్తున్నాను, ఆమె ఆ ముసలాయన పక్కన కూర్చుంది. బస్సు నడుస్తుండగా ఆమె కూర్చోవడం చూడటం నాకు అదే మొదలు. మూడు స్టాపులు విజిల్ వెయ్యడం మరిచిపోయింది. నేను అరిస్తే గానీ లేవలేదు.

ఆయన పేరు ప్రభుదాసు. మదనపల్లెలో ఒక మిషన్ ఆస్పత్రి తోటలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఆస్పత్రి డాక్టరమ్మ ఒకావిడ దగ్గర ఈ విద్య నేర్చుకున్నాడట. చర్చి వెనక సందులో ఆయన ఇల్లు. మర్నాడే రేవతి అక్కడికి పోయింది, ఒక చెట్టు అమ్మమని. ఆయన అమ్మలేదు.

"కొంటే చెట్టొస్తాది. ఆ ఇరవై ఆరేండ్లు నీకు వస్తాయా? గింజ నుంచి పెంచుకో. మీ ఇంట్లో చింతపండు ఉండాది కదా, దాంట్లోనే ఉంటాది గింజ" అన్నాడు.

చింత అనగానే మా డిపోలో అందరూ తలో మాట అన్నారు. ఇంటి దగ్గర చింత ఉండకూడదు, దయ్యాలు వస్తాయి అన్నారు. ఆమెను చూస్తే దయ్యాలే ఇల్లు మారతాయని నేనన్నాను. రేవతి ఎవరి మాటా వినలేదు. గింజ అంచును బండకు రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, కుండలో నాటింది. అంతవరకూ బాగుంది. మర్నాడు పొద్దున మట్టి తవ్వి చూసింది, మొలకొచ్చిందా అని. ఆ మర్నాడు మళ్లీ తవ్వింది. ఇట్లా మూడు గింజలు ఆమె చూపుకే చచ్చిపోయాయి. మొలక వేసినది కూడా వేలు తగిలి విరిగింది. నాలుగో గింజ నాటినప్పుడు ప్రభుదాసు ఆ కుండను తన ఇంట్లో పెట్టి తాళం వేశాడు. "మొలిచినాంక చెప్పి పంపిస్తా, పో" అన్నాడు. తొమ్మిదో రోజు చెప్పి పంపాడు. గింజ రెండు బద్దలనూ నెత్తిన పెట్టుకుని మొలక నిలబడి ఉంది. డ్యూటీలో ఉన్న బస్సును ఆ సందు మొదట్లో రెండు నిమిషాలు ఆపించి మరీ చూసి వచ్చింది. ప్యాసింజర్లు నన్ను తిట్టారు. నేను ఆమెను తిట్టాను.

చిన్న చెట్టంటే తిండి పెట్టకుండా మాడ్చడమని నేను అనుకునేవాణ్ని. అది కాదట. మొదటి నాలుగైదేళ్లు బాగా తిననిచ్చి మాను లావెక్కించాలి. మధ్యలో తల్లివేరు కోసెయ్యాలి. పైకి పోయే కొమ్మను కోసి, పక్క కొమ్మకు తీగ చుట్టి వంచాలి. ఆ తర్వాతే లోతులేని తొట్టిలోకి మార్చాలి. తల్లివేరు కోసిన రోజు రేవతి కత్తెర పెట్టి మళ్లీ తీసింది. నేను కత్తెర తీసుకోబోతే, "నువ్వు ముట్టుకోవద్దన్నా, పోతే నా చేతనే పోనీ" అంది. పోలేదు. పదిహేను రోజులు ఆకులు రాల్చి మళ్లీ వేసింది.

ఆమె బాధంతా తీగతోనే. డిపోలో కాలిపోయిన మోటారు రాగి తీగ తెచ్చుకుని కొమ్మకు చుట్టేది. వారానికి విప్పి వేరేగా చుట్టేది. మళ్లీ విప్పేది. ప్రభుదాసు సహనంగల మనిషే గానీ ఒకరోజు ఆయనా అరిచాడు. "గమ్మున ఉండమ్మా! నువ్వు ఉండనీకపోతే అది యాడుంటాది?" అన్నాడు. అప్పటినుంచి రేవతి ఒక ఉపాయం పెట్టింది. చెట్టును తాకాలనిపించినప్పుడల్లా టికెట్టు కాగితం ముక్కతో మాను చుట్టుకొలత తీసి, తేదీ వేసి డబ్బాలో పెట్టేది. ఆ డబ్బా నిండిపోయి రెండో డబ్బా మొదలైంది.

మేము పుంగనూరు డిపోకు మారాం. ట్రాన్స్‌ఫర్‌కు ఆమె రాసుకుంది, నేనూ రాసుకున్నాను. పుంగనూరైతే మా ఊరికి దగ్గరని నేను అందరికీ చెప్పాను. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ప్రభుదాసు పోయాడు. మట్టి చేసే చోటికి పోవడానికి పదిమందికే వీలుండింది. సమాధుల తోట గోడ బయట నిలబడి మేమిద్దరం పాటలు విన్నాం. రేవతి అటూ ఇటూ నడుస్తూనే ఏడ్చింది. తర్వాత చెట్టు పూర్తిగా ఆమె మీదే పడింది. కోయాలా వద్దా, మట్టి మార్చాలా వద్దా అని అడగడానికి ఎవరూ లేరు. నన్ను అడిగేది. నాకు బండి తప్ప ఏం తెలుసు? తెలిసినట్టు చెప్పేవాణ్ని.

ఒక మధ్యాహ్నం పుంగనూరు స్టాండులో నీడకు నిలబడి ఉన్నప్పుడు ఆమె చెప్పింది.

"జూన్ వస్తే దానికి పన్నెండేండ్లు నిండతాయన్నా. అప్పుడు ఎత్తుకొని పోయి మాయమ్మ ముందర పెడతా. ఇదో సూడు, ఒకటి నిలిచిండాది నా చేత, అంటా. అంతే. ఇంగేం అడగను ఆమెను."

ఆ మాట తమాషాగా అనలేదు. పన్నెండేళ్లుగా ఆమె ఈ ఒక్క మాట అనడానికే నీళ్లు పోస్తోందని నాకు అప్పుడు అర్థమైంది. ఆ చెట్టు కూడా అంతకంతకూ అందంగా తయారైంది. మాను గరుకుగా, నల్లగా, పొలం గట్టున చింత ఎట్లా ఉంటుందో అట్లే ఉంది. ఆకులు గోరంత. సాయంత్రం ఐదున్నరకే పెద్ద చెట్టులాగే ఆకులు ముడుచుకుని పడుకునేది. ఆ పూటకు రేవతి కూడా రవ్వంతసేపు కూర్చునేది.

అందుకని నేనూ ఏదో ఒకటి ఇవ్వాలనుకున్నాను. నా కూతుర్ని శాంతిపురంలో ఇచ్చాను. అల్లుడు నరేంద్ర గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాడు. అతనికి చెప్పి నల్లరాయిలో లోతులేని తొట్టి చెక్కించాను. అడుగున నీళ్లు పోవడానికి రెండు చిల్లులు, అంచులకు అద్దంలాంటి పాలిష్. ఇద్దరు మోస్తే గానీ లేవదనుకున్నాను గానీ, సన్నగా చెక్కాడు, ఒకరు ఎత్తొచ్చు. రేవతి ఆ తొట్టిని చేత్తో నిమిరింది. "అన్నా, దీనికి పట్టుచీర కట్టినట్లుండాది" అంది. నా జీవితంలో నేనిచ్చిన వస్తువును అంతగా మెచ్చుకున్న వాళ్లు లేరు. మా ఇంటామె కూడా ఎప్పుడూ మెచ్చుకోలేదు.

పోయిన ఏప్రిల్‌లో కుప్పానికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఎప్పటిలాగే ఆమె రాసుకుంది, శాంతిపురంలో కూతురుందని నేనూ రాసుకున్నాను. పుంగనూరు డిపోలో మా ఆఖరు డ్యూటీ కుప్పం బస్సే పడింది. రేవతి సామాను అంతా చిన్న లారీలో ముందే పోయింది. చెట్టును మాత్రం ఆమె ఆ బండికి ఇవ్వలేదు. రాతి తొట్టిని ఎత్తుకుని బస్సు దగ్గరికి వచ్చింది.

"నా సీట్లో పెట్టుకుంటా" అంది.

"సీట్లో పెడితే పలమనేరు రద్దీలో ఎవరో ఒకరు మీద పడతారు. ఈడ పెట్టు, నా కండ్ల ముందర ఉంటాది" అన్నాను.

నేను చూపించింది బానెట్టు. మా పాత బండ్లలో ఇంజను డ్రైవరు పక్కనే ఉంటుంది, దాని మీద రేకు మూత. పూలబుట్టలు, పాలక్యాన్లు, చంటిపిల్లల తల్లులు అన్నీ అక్కడికే చేరతాయి. నా అన్నం క్యారియరు ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంటుంది. ఆ రోజు నేను క్యారియరు తీసి సీటు వెనక పెట్టి, ఆ స్థలం చెట్టుకు ఇచ్చాను. పడిపోకుండా ట్యూబు రబ్బరుతో తొట్టిని కట్టాను. మంత్రికి ముందు సీటు ఇచ్చినంత గర్వపడ్డాను.

పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం. ఎండ మండిపోతోంది. చెట్టు ఆకులు గాలికి ఊగుతుంటే ప్యాసింజర్లు వచ్చి చూసి పోయారు. ఒక చంటిపిల్ల ఆకు తుంచబోతే నేను గేరు రాడ్డు వదిలి చెయ్యి అడ్డం పెట్టాను. అంత జాగ్రత్త. కుప్పం స్టాండులో రేవతి మెడలోని కండువా తీసి తొట్టికి చుట్టి దించింది. పాలిష్ మీద చేతి గుర్తులు పడతాయని అట్లా పట్టుకుందనుకున్నాను. వెనక బస్సువాడు హారన్ కొడుతుంటే నేను వాడిని తిట్టే పనిలో పడ్డాను. తర్వాత డిపోలో క్యారియరు విప్పితే సంగటి చల్లగా, గట్టిగా ఉంది. తిట్టుకుంటూ తిన్నాను. అంతకు మించి ఏమీ తోచలేదు నాకు.

ఐదో రోజు ఆకులు రాలాయి. ఒకటి రెండు కాదు, పొద్దున చూస్తే కుప్పంలో ఆమె తీసుకున్న ఇంటి మిద్దె మీద నేలంతా పొట్టు పోసినట్టు ఆకులే. రేవతి కింద కూర్చుని వాటిని ఒక్కొక్కటే ఏరుతోంది.

"కుప్పం సల్లదనం పడలేదేమో. మా ఊరోళ్లకే ఈడ జలుబు చేస్తాది" అన్నాను నేను.

"అయ్యుండొచ్చన్నా" అంది.

ఆ మధ్యాహ్నం పలమనేరు స్టాండులో క్యారియరు విప్పాను. మళ్లీ బానెట్టు మీదే పెట్టి ఉన్నాను కాబట్టి సంగటి పొగలు కక్కుతోంది. తొందరగా చెయ్యి పెట్టి వేళ్లు కాల్చుకున్నాను. వేళ్లు నోట్లో పెట్టుకున్నవాణ్ని అట్లాగే ఉండిపోయాను. సంగటి వేడిగా ఉండాలని ముప్పై ఏళ్లుగా ఎక్కడ పెడుతున్నానో, సరిగ్గా అక్కడే ఆ చెట్టును పెట్టాను. అదీ రాతి తొట్టిలో. రాయి వేడెక్కితే అంత సులభంగా చల్లారదు. రెండు వేళ్ల మందం మట్టి, దానిలో పన్నెండేళ్ల వేర్లు. మూడు గంటలు. చెట్టును పొయ్యి మీద పెట్టి కుప్పం దాకా ఉడికించుకుంటూ తెచ్చాను.

చెప్పేయాల్సింది. ఆ సాయంత్రమే పోయి చెప్పేయాల్సింది. పోయాను కూడా. మిద్దె మెట్లెక్కుతూ మాటలు కూడబలుక్కున్నాను. ఆమె చెంబుతో నీళ్లు పోస్తూ కనిపించింది. "ఇంగా బతికే ఉంటాదన్నా, చింత మొండిది" అంది. "నీళ్లలో ఉప్పుందేమో సూడు" అని వచ్చేశాను.

ఆ తర్వాత నాకు నిలకడ లేదు. ప్రతిరోజూ డ్యూటీ దిగగానే ఆ మిద్దె ఎక్కేవాణ్ని. రామసముద్రం నుంచి ఎర్రమట్టి సంచి తెచ్చాను. ఎరువుల అంగట్లో అడిగి వేపపిండి తెచ్చాను. తొట్టిని ఎండలో పెట్టమన్నాను, మర్నాడు నీడలో పెట్టమన్నాను. రాతి తొట్టి మంచిది కాదు, మట్టి తొట్టికి మారుద్దామన్నాను. నిద్రలో బానెట్టు మూత ఎత్తి చూస్తున్నట్టు కలలు వచ్చేవి. ఇంట్లో అన్నం సయించదు, ఎవరు పలకరించినా కసురుకుంటాను. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. మరోపక్క రేవతి నెమ్మదిగా ఉంది. పొద్దున చెంబు, సాయంత్రం చెంబు. నేను తెచ్చిన మట్టి వేసింది, వేపపిండి వేసింది, ఎండలో పెట్టమంటే పెట్టింది, నీడలో పెట్టమంటే పెట్టింది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. మాకు పద్నాలుగేళ్లు పట్టింది.

డిపోలో ఒకడు, "ఏం పర్వాలేదన్నా, చింత చచ్చినా పులుపు చావదంటారు కదా" అని నవ్వాడు. వాణ్ని కొట్టబోయాను. నలుగురు పట్టుకున్నారు. ఆ సంగతి రేవతికి తెలిసి, "యాల అంత కోపం, వాడు మామూలుగానే అనింటాడు లే" అంది.

ఆమె ఉద్యోగం మానేస్తుందని కూడా భయపడ్డాను. ఇదివరకు ఏది పోయినా వెంటనే బ్యాగు సర్దిన మనిషి. జూన్ వచ్చింది, పోయింది. చౌడేపల్లె ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బ్యాగు సర్దలేదు. ఇల్లు కూడా మారలేదు.

ఆగస్టులో ఆడవాళ్లకు టికెట్టు లేకుండా ప్రయాణం పెట్టారు. బస్సులు కిటకిటలాడుతున్నాయి. జీరో టికెట్లు తీసుకోమని అరిచి అరిచి రేవతి గొంతు పోయింది. అట్లాంటి ఒక సాయంత్రం డ్యూటీ దిగి మిద్దె ఎక్కేసరికి ఆమె ఫోన్లో మాట్లాడుతోంది. స్పీకరు పెట్టి ఉంది, చేతిలో చెంబు ఉంది కాబట్టి. అవతల కృష్ణమ్మ.

"ఏందో చెట్టు తెస్తానంటివే, యాడ?"

"అది పోయిందిమా."

"పోయిందా? యెట్లా పోయింది?"

"ఏమో మా. నువ్వు చెప్పేదే నిజం. నా చేత నిలవలే."

ముసలావిడ ఎప్పుడూ అనే మాట ఈసారి అనలేదు. "తిన్న్యావా?" అని అడిగింది. తిన్నానని చెప్పి రేవతి ఫోను పెట్టేసింది.

పన్నెండేళ్లు ఏ మాట అనాలని కాచుకుందో, దానికి సరిగ్గా తలకిందులు మాట ఆమె చేత అనిపించింది నేను. పిట్టగోడ మీద కూర్చున్నాను.

"రేవతీ, అది నీ చేత పోలేదు" అన్నాను. "నేనే సంపినా. ఆ పొద్దు బానెట్టు మీద పెట్టించినా కదా. రాతి తొట్టి. యేర్లు ఉడికిపోయినాయి. నాకు ఐదో రోజే తెలిసె. చెప్పలేకపోతి."

ఆమె నావైపు తిరగలేదు. "తెలుసన్నా" అంది.

"ఏం తెలుసు?"

"కుప్పం స్టాండులో దించేటప్పుడే. పట్టుకోంగానే చెయ్యి కాలె. అందుకే కండువా అడ్డం పెట్టుకుంటి."

"అప్పుడే అడగల్ల కదా! నోరు ల్యాదా నీకు?" అని అరిచాను. చూడండి, అప్పుడు కూడా అరిచింది నేనే.

"అడిగింటే? మర్నాటికి నువ్వు డ్యూటీ మార్పించుకొని పోయింటావు. ఇంగ నా మొగం సూడవు" అంది. "చెట్టు ఎట్లాగూ పోయె. నువ్వన్నా ఉండల్ల కదా."

నాకు ఏడుపొచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, ఖాకీ చొక్కాతో మొహం తుడుచుకున్నాను. లేచి చెట్టు దగ్గరికి పోయి గోరుతో మాను గీకాను. లోపల పచ్చి అన్నది లేదు. పొయ్యిలో పెట్టే పుల్లలా ఎండిపోయి ఉంది. ఇంకోచోట గీకాను, అక్కడా అంతే. కొమ్మల మీద పాత గీతలు కూడా కనిపించాయి. ఎవరో ముందే గీకి చూశారు.

"ఇది సచ్చిపోయిందని నీకు ఎప్పుడు తెలిసె?"

"మే నెల్లోనే."

"మే నెలా?" అన్నాను. "ఇప్పుడు ఆగస్టు. పొద్దూ మాపూ నీళ్లు పోస్తాండావు. నేను ఏది తెస్తే అది వేస్తాండావు. సచ్చిన చెట్టుకు యాల పోస్తివమ్మా ఇన్నాళ్లూ?"

రేవతి చెంబు కింద పెట్టింది.

"నువ్వు రోజూ వచ్చి సూస్తాంటివి కదన్నా" అంది.